‘తండ్రీ’ అని పిలుస్తాం, లోపల మాత్రం హెడ్మాస్టరే కనిపిస్తాడు: ఏం చేయాలి, ఎలా చేయాలి

మా సంఘంలో సండే స్కూల్ పెద్దపిల్లల క్లాసు నాది. పిల్లలే కాదు, వాళ్లను తీసుకెళ్లడానికి వచ్చే అమ్మలు, బండి స్టాండు వేసి గేటు దగ్గరే నిలబడే నాన్నలు కూడా ఎప్పుడో ఒకసారి పక్కకు పిలిచి అడిగేది ఒకటే. "అక్కా, దేవుడు ప్రేమగల తండ్రి అంటారు కదా, నాకైతే ప్రార్థనలో కూర్చుంటే ఎవరో ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడినట్టే ఉంటుంది, నాలో ఏమన్నా లోపమా?" లోపం లేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక రాసేద్దామని కూర్చున్నా.

సిద్ధాంతం ఇందులో వెతక్కండి, దానికి మీ పాస్టర్ గారున్నారు. దేవుడు ప్రేమిస్తాడని మనలో తెలియనివాళ్లు ఎవరు? వచనాలు నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కానీ తప్పు చేసిన రోజు, డబ్బు సరిపోని రోజు మన నడత చూస్తే ఇంట్లో బిడ్డలా ఉండదు, కూలి కోసం వచ్చి గుమ్మం బయట నిలబడినవాడిలా ఉంటుంది. మనసు మారాలని కళ్లు మూసుకుని కూర్చుంటే నా విషయంలో ఏళ్ల తరబడి ఏమీ మారలేదు. నడతను కొంచెం కొంచెంగా మార్చుకుంటూ పోయాక మనసు ఆలస్యంగా, గునుస్తూ గునుస్తూ వెనకాల వచ్చింది. కింద చెప్పేదంతా ఆ నడత గురించే.

కావలసినవి

ఒక నోట్‌బుక్, ఎవరూ తెరవని చోట దాచుకోగలిగేది. పెన్సిల్. మీ ఇంట్లో ఉన్న బైబిల్, ఏ అనువాదమైనా సరే. రోజుకు 15 నిమిషాలు, నాలుగు వారాలు. నోరు జారని మనిషి ఒకరు, మధ్యలో చిక్కుకుంటే మాట్లాడటానికి.

అక్కర్లేనివి: 21 రోజుల ఉపవాసం, ప్రత్యేకమైన నూనె, ఎవరో పెద్ద సేవకుడు తల మీద చెయ్యి పెట్టడం. అవి తప్పని అనడం లేదు, ఈ పనికి మాత్రం అవసరం పడవు.

1. మీ లోపలున్న ‘నాన్న’ ఎవరో కాగితం మీద పెట్టండి

పేజీకి మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మీ నాన్న మీతో ఎలా ఉండేవారో పది వాక్యాలు రాయండి. నాన్న లేకపోతే పెంచినవాళ్లు, తాతయ్యో మేనమామో హాస్టల్ వార్డెనో, ఎవరైతే వాళ్లు. మరుసటి రోజు, ఎడమవైపు చూడకుండా, ప్రార్థనలో దేవుడు మీతో ఎలా ఉన్నట్టు అనిపిస్తుందో కుడివైపు పది వాక్యాలు రాయండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, కుడివైపు కీర్తనల గ్రంథం ఎత్తి రాసేస్తారు. "ఆయన దయాదాక్షిణ్యములు గలవాడు" అని మీరు రాయక్కర్లేదు, అది ఎప్పుడో రాసి ఉంది. మీకు అనిపించేది రాయండి. "నేను ఆలస్యంగా లేస్తే ముఖం ముడుచుకుంటాడు" లాంటివి.

మూడో రోజు రెండూ పక్కపక్కన చదవండి. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు ఎక్కువగా తగిలే బొమ్మలు ఇవి.

మార్కుల నాన్న. 92 వస్తే మిగతా ఎనిమిది ఏమయ్యాయని అడిగే మనిషి. ఈ ఇంట్లో పెరిగినవాళ్లకు దేవుడి దగ్గరికి వెళ్లడమంటే ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టించుకోవడమే, ఎన్ని అధ్యాయాలు చదివాం, ఎన్ని కూడికలు మానేశాం అనే లెక్క ఆగదు. నాది ఈ రకమే, మా నాన్న హెడ్మాస్టరు.

గల్ఫ్ నాన్న. కడప వైపు, కోనసీమ వైపు, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఈ ఇళ్లు ఎన్నో. నాన్న కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి నెలనెలా డబ్బు పంపేవాడు. ఆ ప్రేమంతా ఫోన్లో, రెండేళ్లకోసారి అట్టపెట్టెలో వచ్చేది. ఈ పిల్లలు పెద్దయ్యాక చేసే ప్రార్థన ఆ ఫోన్ కాల్ లాగే ఉంటుంది: బాగున్నావా, ఇవి కావాలి, ఉంటాను.

తాగి వచ్చే నాన్న. గేటు చప్పుడును బట్టి ఈ రాత్రి ఎలా గడుస్తుందో పసిగట్టడం నేర్చుకున్న పిల్లలు దేవుడి మూడ్ కూడా కనిపెడుతూనే ఉంటారు. నాలుగు రోజులు అంతా బాగుంటే సంతోషం రాదు, ఏదో పడబోతోందని బెంగ మొదలవుతుంది.

ఇక మంచి నాన్న. మా నాన్న బంగారం, నాకీ మెట్టు అక్కర్లేదు అని దాటేయకండి. అలాంటి నాన్న ఉన్నవాళ్లే దేవుడు ఒక్కసారి కాదంటే తట్టుకోలేరు, మా నాన్నయితే అప్పుచేసైనా ఇచ్చేవాడు కదా అని.

జాగ్రత్త: మీ నాన్న మిమ్మల్ని కొట్టి హింసించినా, చెప్పుకోలేని పని చేసినా, ఈ ఎడమవైపు పేజీ ఒంటరిగా రాయకండి. నమ్మకమైన మనిషి పక్కన ఉన్నప్పుడు రాయండి, లేదా వదిలేసి నేరుగా మూడో మెట్టుకు వెళ్లండి. ఆ హింస ఇప్పటికీ జరుగుతుంటే నోట్‌బుక్ పక్కన పెట్టి ముందు సహాయం అడగండి, ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098 నంబర్లున్నాయి. "తండ్రిని సన్మానించుము" అన్న ఆజ్ఞ చూపించి మిమ్మల్ని నోరు మూసుకోమనే వాళ్లు ఎంత పెద్ద విశ్వాసులైనా సరే, వినొద్దు.

2. మత్తయి 6వ అధ్యాయంలో ‘తండ్రి’ ఎక్కడెక్కడ ఉందో సున్నా చుట్టండి

ఇది చిన్న పని, ఒక్క రోజు చాలు. దేవుణ్ణి ఉద్దేశించి ‘తండ్రి’ అన్న చోటల్లా పెన్సిల్‌తో చుట్టండి. 12 రావాలి. తొమ్మిదో పదో వస్తే మళ్లీ చదవండి, ఆరో వచనంలో, పద్దెనిమిదో వచనంలో రెండేసి ఉంటాయి, అక్కడ జారిపోతాయి. చుట్టాక ఆ పన్నెండింటి పక్కన ఆ తండ్రి ఏం చేస్తున్నాడో ఒక్కో మాట రాయండి. చూస్తున్నాడు, మనం అడక్కముందే మనకేం కావాలో తెలిసి ఉన్నాడు, పిట్టలకు తిండి పెడుతున్నాడు. క్షమించనివాళ్లను క్షమించనంటున్నాడు కూడా, అదీ రాయండి, దాటేయకండి.

ఇప్పుడు ఈ జాబితాను మొన్నటి కుడివైపు పేజీ పక్కన పెట్టండి. ఎక్కడ పొంతన కుదరలేదో అక్కడ ఇంటూ గుర్తు పెట్టుకోండి. మీరు నాలుగు వారాలు పనిచేయాల్సింది ఆ ఇంటూల మీదే, ప్రేమ అనే పెద్ద మాట మీద కాదు. నా పేజీలో పెద్ద ఇంటూ ‘చూస్తున్నాడు’ పక్కన పడింది. చూడటమంటే నాకు తెలిసింది పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు చూడటమే.

3. ప్రార్థన భాష మార్చండి

ఒకరోజు మీ ప్రార్థనను ఫోన్లో రికార్డు చేసి వినండి. మీరొక్కరే విని చెరిపేయండి. నాది నేను విన్నప్పుడు మూడు నిమిషాల్లో ‘తండ్రీ’ 26 సార్లు వచ్చింది. ఎవరైనా నన్ను మూడు నిమిషాల్లో 26 సార్లు అక్కా అక్కా అక్కా అంటే నేను లేచి వెళ్లిపోతాను. ఆ మాట నా నోట్లో పిలుపుగా మిగల్లేదు, తర్వాతి వాక్యం తట్టేదాకా ఊపిరి పీల్చుకునే చోటు అయిపోయింది.

రోజుకు ఐదు నిమిషాలు, గది తలుపు వేసుకుని (మత్తయి 6:6 చెప్పింది అదే), మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో మాట్లాడండి. శ్రీకాకుళం యాసైతే ఆ యాసలో, పాలమూరు మాటైతే ఆ మాటలో. తేడా ఎలా ఉంటుందంటే:

మామూలుగా: "మహోన్నతుడవైన దేవా, నీ దాసురాలి యెడల కృప చూపి ఆర్థిక ఇబ్బందులనుండి విడిపించుము తండ్రీ, స్తోత్రం తండ్రీ."

ఇంటి భాషలో: "నాన్నా, కరెంటు బిల్లు 1,840 వచ్చింది. చేతిలో తొమ్మిది వందలున్నాయి. మా ఆయనకు చెప్పాలంటే భయంగా ఉంది, పోయిన నెల చీర కొన్నా కదా, ఆ సంగతి ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటావు?"

రెండోదాంట్లో చీర బయటపడింది చూశారా, మొదటిదాంట్లో దానికి చోటే లేదు.

గ్రాంథికంలో ప్రార్థిస్తే దేవుడు వినడని కాదు. నలుగురిలో ప్రార్థన నడిపించేటప్పుడు ఆ భాషే నిండుగా ఉంటుంది, మా అమ్మమ్మ ఆ భాషలోనే ఏడ్చేది కూడా. మీకు ఇంటి భాష లాగా ఒంటికి పట్టిన భాష అదే అయితే అలాగే ఉండనివ్వండి.

ఇంకో సంగతి గమనించారో లేదో. మా ఇంట్లో నాన్నను ‘మీరు’ అనేవాళ్లం. అదే నోటితో రాత్రి పడుకునే ముందు పరలోకమందున్న తండ్రిని ‘నీ నామము, నీ రాజ్యము’ అనేవాళ్లం. ఇంటి నాన్న దగ్గర లేని చనువు పరలోకపు నాన్న దగ్గర చిన్నప్పుడే ఇచ్చారు, నేనే గమనించలేదు. కథోలిక సంఘాల్లో ‘మీ నామము పూజింపబడునుగాక’ అని మర్యాదగా అంటారు, అదీ తండ్రి దగ్గర తగిన మాటే. ‘మీరు’ అన్నంత మాత్రాన మా నాన్న మాకు పరాయివారు కాలేదు కదా.

‘అబ్బా తండ్రీ’ గురించి కూడా అడుగుతుంటారు. అబ్బా అనేది అరామిక్ మాట, నాన్న అని. కొత్త నిబంధనలో మూడే చోట్ల ఉంది (మార్కు 14:36, రోమా 8:15, గలతీ 4:6). కొందరు దాన్ని ‘డాడీ’ అని ముద్దుగా చెప్తారు, అంత పసిమాట కాదు, పెద్దయిన కొడుకులు కూతుళ్లు కూడా నాన్నను అలాగే పిలిచేవాళ్లు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు నోట ఆ మాట వచ్చింది ప్రాణం విలవిల్లాడుతున్నప్పుడు. చిన్నప్పుడు నేను దాన్ని కాలికి రాయి తగిలితే అనే ‘అబ్బా!’ అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే మరీ తప్పేం కాదనిపిస్తుంది, తెలుగులో ‘అబ్బ’ అంటే నాన్న అనే అర్థం కూడా ఉంది, నొప్పికీ నాన్నకీ ఒకటే మాట.

నోరు రాకపోతే: ‘నాన్నా’ అనగానే గొంతు బిగుసుకుంటే బలవంతం చేయకండి. 23వ కీర్తనలోలా ‘నా కాపరీ’ అనండి. యెషయా 66:13లో తల్లి ఆదరించినట్లు ఆదరిస్తానని దేవుడే అన్నాడు, ఆ వచనం పట్టుకుని కొన్ని నెలలు ఉండండి. ఏడాది పట్టినా పర్లేదు.

4. చిన్నది అడగండి, రాసి పెట్టుకోండి

పెద్దవాటికి అందరం అడుగుతాం, ఆపరేషను, పెళ్లి, వీసా. చిన్నవాటికి ‘ఇంత చిన్నదానికి ఆయన్నెందుకు’ అంటాం. ఇంట్లో బిడ్డ పెన్సిల్ విరిగిందని నాన్న దగ్గరికి వెళ్లదా? ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడిగిన ఒకే ఒక్క వస్తువు ఈ పూట అన్నం.

రోజుకు ఒక్క చిన్న సంగతి అడిగి, తేదీ వేసి రాయండి. వారం చివర ప్రతిదాని పక్కన ఒక అక్షరం: ఇ (ఇచ్చాడు), వ (వద్దన్నాడు), తె (ఇంకా తెలియదు), మ (అడిగిన సంగతి నేనే మర్చిపోయాను). మొదటి వారం నా పేజీలో ఏడింటిలో నాలుగు ‘మ’లు. అడిగింది నేనే, మర్చిపోయింది నేనే, జవాబు రాలేదని మంగళవారం కూడికలో వాపోయింది కూడా నేనే.

జాగ్రత్త రెండు విషయాల్లో. ఒకటి, ఈ లెక్క దేవుడికి మార్కులు వేయడానికి కాదు. ‘ఇ’లు తక్కువొస్తే ప్రేమ తక్కువని కాదు, నా కూతురు అడిగినవాటికి నేను వేసిన ‘వ’లు లెక్కపెడితే నన్ను రాక్షసి అనాలి. రెండు, కానుక వేస్తే రెట్టింపు వస్తుంది, విత్తనం వేయండి పంట కోయండి అని ఎవరైనా చెప్తే పర్సు జేబులోనే ఉంచుకోండి. నాన్న దగ్గర చీటీ పాడే బిడ్డను నేనెక్కడా చూడలేదు. కానుక ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి, తిరిగొస్తుందన్న లెక్కతో మాత్రం ఇవ్వకండి.

5. తప్పు చేసిన రోజు ఎంతసేపట్లో తిరిగొస్తున్నారో కొలవండి

అన్నిటికన్నా కష్టమైంది, పని చేసేదీ ఇదే. మిగతావి చేయలేకపోతే ఇదొక్కటైనా చేయండి.

తప్పు చేశాక మనం ఏం చేస్తాం? ప్రార్థన మానేస్తాం. ‘ఈ ముఖం పెట్టుకుని ఎలా వెళ్లను’ అని రెండు రోజులు, నాలుగు రోజులు. ఈలోపు కొంచెం మంచిగా ఉండి, ఒక పూట పస్తుండి, ఎవరికో సాయం చేసి, ముఖం కొంచెం తెల్లబడ్డాక అప్పుడు వెళ్తాం. అంటే శిక్ష మనమే వేసుకుని, అనుభవించేసి, రిలీజ్ ఆర్డరు పట్టుకుని వెళ్తున్నాం.

లూకా 15లో యేసు చెప్పిన కథ ఉంది, ఆస్తిలో తన వాటా తీసుకుని దూరం వెళ్లి అంతా తగలేసిన చిన్నకొడుకు కథ. వాడు పందుల దగ్గర కూర్చుని ఇంటికెళ్లి చెప్పడానికి ఒక పాఠం తయారుచేసుకున్నాడు. 18, 19 వచనాలు చూడండి: తండ్రీ, పాపం చేశాను, నీ కొడుకు అనిపించుకోవడానికి తగను, నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము. మూడు ముక్కలు. ఇప్పుడు 21వ వచనానికి వెళ్లి, తండ్రి ఎదుట నిజంగా ఎన్ని ముక్కలు చెప్పాడో చూడండి. రెండే. మూడో ముక్క, ఆ కూలివాడి ముక్క, నోట్లోనే ఉండిపోయింది, ఈలోపే తండ్రి చెప్పులు తెమ్మని, ఉంగరం తెమ్మని పనివాళ్లకు కేకేస్తున్నాడు. అంతకుముందే ఆ పెద్దాయన పరుగెత్తాడు. మన ఊళ్లో ఆస్తీ మర్యాదా ఉన్న పెద్దాయన పంచె ఎగ్గట్టి, అందరూ అరుగుల మీంచి చూస్తుండగా నడివీధిలో పరుగెత్తడం ఊహించుకోండి.

నాకిది చదివి అర్థం కాలేదు. ఇంటర్‌లో ఫిజిక్స్ పోయింది నాకు, హెడ్మాస్టరు గారి అమ్మాయికి. రిజల్ట్ చూసుకుని మా ఊరి బస్సులు రెండు వదిలేసి స్టాండులోనే కూర్చున్నా, ఏం చెప్పాలో పాఠం అల్లుకుంటూ. చివరి బస్సుకు దిగేసరికి చీకటి. మా నాన్న స్టాపులో టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి నిలబడ్డారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. "అన్నం తిందాం పద" అన్నారు. అల్లుకున్నదంతా గొంతులోనే ఉండిపోయింది. (మరుసటి రోజు సప్లిమెంటరీ ఫీజు కట్టించి, వేసవంతా ఐదింటికే లేపారు, అది వేరే.)

ఇక చేయాల్సింది. తప్పు జరిగిన రోజే, అన్నం తినకముందో పడుకోకముందో, మూడు వాక్యాలు. ఏం చేశాను. దానివల్ల ఎవరికి నష్టం. ఇంటికొచ్చాను. అంతే, ఆపేయండి. నోట్‌బుక్‌లో తప్పు జరిగిన టైమూ తిరిగొచ్చిన టైమూ రాయండి, తప్పేమిటో రాయక్కర్లేదు.

ఇక్కడ చేసే పొరపాట్లు:

‘ఇంకెప్పుడూ చేయను’ అని ఒట్టు పెట్టడం. మళ్లీ చేస్తారు, అప్పుడు తప్పుతో పాటు ఒట్టు తప్పినందుకు కూడా దాక్కుంటారు. ‘సాయం చెయ్యి’ అనండి చాలు.

మొక్కు కలపడం. క్షమిస్తే ఇంత ఇస్తాను, ఇన్ని వారాలు ఉపవాసం ఉంటాను. అది ఆ కూలివాడి ముక్కే, వేషం మార్చుకుని వచ్చింది.

దేవుడి దగ్గర ఒప్పుకున్నాను కదా అని మనుషుల దగ్గర ఎగ్గొట్టడం. పక్కింటామెను మాటంటే ఆమె గుమ్మం దాకా వెళ్లాలి. డబ్బు తింటే తిరిగివ్వాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8), మీరు అసలైనా ఇవ్వండి.

మందిరంలోనే పుట్టి పెరిగినవాళ్లకు ఒక మాట. మీ తప్పు చిన్నకొడుకు తప్పు కాకపోవచ్చు, అదే అధ్యాయం చివర పెద్దకొడుకున్నాడు చూడండి. ఇన్నేళ్లు నీకు చాకిరీ చేశాను, ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అంటాడు. ఇంట్లోనే ఉండి కూలి లెక్క రాసుకున్నవాడు. నిన్నగాక మొన్న బాప్తిస్మం తీసుకున్నవాడికి ఉద్యోగం వచ్చిందని సాక్ష్యం చెప్తుంటే మీకు ఒళ్లు మండిందా? ఆ టైము రాసుకోండి. దానికీ ఇవే మూడు వాక్యాలు. తండ్రి వాడి కోసం కూడా బయటికొచ్చి బతిమాలాడు, పొలంగట్టు దగ్గర వదిలేయలేదు.

6. కష్టం వచ్చినప్పుడు ‘దేవుడు కొట్టాడు’ అనకండి

బిడ్డకు జ్వరం వస్తే ‘మొన్న ఆరాధనకు వెళ్లలేదు కదా, అందుకే’ అంటారు, మనవాళ్లే అంటారు, ప్రేమగా కూడా అంటారు. తండ్రి శిక్షణ ఇస్తాడని హెబ్రీ 12 చెప్తోంది, కాదనను. కానీ ఏ కష్టం శిక్షణో, ఏది ఊరికే జీవితంలో వచ్చే కష్టమో చెప్పే అధికారం పక్కింటివాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులే అడిగితే, వీడూ కాదు వీడి కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు (యోహాను 9:3).

చేయాల్సింది: జ్వరమైతే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, ప్రార్థన ఆటోలో చేయొచ్చు. కోపం వస్తే 13వ కీర్తన తెరిచి గట్టిగా చదవండి, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు అని మొదలవుతుంది. నాన్న మీద అరిచే హక్కు ఇంటి పిల్లలకే ఉంటుంది, కూలికొచ్చినవాడు అరవలేడు, ఊరుకుని పని మానేసి వెళ్లిపోతాడు. అడిగింది రాకపోతే, గెత్సేమనేలో ఈ గిన్నె (ఆ శ్రమ) నా దగ్గర్నుంచి తొలగించమని అడిగిన కొడుకుకు, యేసుకు కూడా అది తొలగలేదని గుర్తు తెచ్చుకోండి. నాకు ఇంతకుమించి వివరించడం రాదు. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో అయితే ఈ మాత్రం కూడా చెప్పకండి, గిన్నెలు తోమి రండి.

7. మీరు ఎవరికైనా నాన్నో అమ్మో అయితే

వారంలో ఒక్కసారి, మీ పిల్లలు తప్పు చేసి వచ్చినప్పుడు, మొదటి వాక్యంగా ‘అన్నం తిన్నావా’ అనండి. విచారణ తర్వాత పెట్టుకోవచ్చు, మానక్కర్లేదు. ఎడమవైపు పేజీ వాళ్లకీ తయారవుతోంది ఇప్పుడు, మన ఇంట్లోనే.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

కన్నీళ్లు కొలత కాదు. ఒళ్లు గగుర్పొడవడం కొలత కాదు, కీబోర్డు బాగా వాయించినా అది వస్తుంది. ఎక్కువసేపు ప్రార్థన చేయగలుగుతున్నాం అనేది కూడా అంత నమ్మకమైన కొలత కాదు. వీటిని చూడండి.

అయిదో మెట్టులో రాసిన టైములు వారంవారం తగ్గుతున్నాయా? ఇదే అసలు కొలత. నేను మొదలుపెట్టినప్పుడు 9 రోజులుండేది, ఇప్పుడు మామూలుగా సాయంత్రానికి వస్తాను, అప్పుడప్పుడు మూడు రోజులకు జారుతుంది. తప్పులు తగ్గలేదే అని కంగారు పడకండి, ముందు దాక్కునే టైము తగ్గుతుంది, తప్పులు దాని తర్వాత.

ఏమీ అడక్కుండా రెండు నిమిషాలు ఊరికే కూర్చోగలుగుతున్నారా? గల్ఫ్ నాన్నల పిల్లలకు ఇది పెద్ద పరీక్ష. మొదట్లో చెయ్యి ఫోను మీదికి పోతుంది.

మంచి వారం గడిచాక వచ్చే ఆ బెంగ, ఏదో పడబోతోందన్నది, కొంచెమైనా పలచబడిందా?

ఇంట్లోవాళ్లను అడగండి, ‘నేను ఈమధ్య అరవడం తగ్గిందా?’ అని. జవాబు నచ్చకపోయినా రాసుకోండి.

ఒకటి మాత్రం తేడాగా కనిపిస్తే ఆగండి: ‘ఎలాగూ క్షమిస్తాడులే’ అని ముందే అనుకుని తప్పు చేస్తున్నారంటే మీరు నాన్నను కాదు, ఏటీఎంను కనుక్కున్నారు. రెండో మెట్టుకు వెళ్లి ఆ పన్నెండులో 14, 15 వచనాలు మళ్లీ చదవండి.

నాలుగు వారాలైనా ఏమీ కదలకపోతే

కదలనివాళ్లు ఉంటారు, ఏం ఫర్వాలేదు. నాలుగో మెట్టు ఆపేయండి, అడగడం మీద దృష్టి పోయి లెక్కల్లో పడి ఉంటారు. అయిదో మెట్టు ఒక్కటే ఇంకో రెండు వారాలు చేయండి. ప్రార్థన వేళ మార్చి చూడండి, తెల్లవారుజామున నిద్ర ఆపుకుంటూ కూర్చునే బదులు మధ్యాహ్నం గిన్నెలు తోముతూ మాట్లాడినా ఆయనకు వినపడుతుంది. నెలల తరబడి నిద్ర లేకుండా, ఏదీ రుచించకుండా, బతకాలని లేనట్టు ఉంటే అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు, డాక్టరుకు చూపించుకోండి.

ఆ తర్వాత మొదటి మెట్టు పేజీ తెరిచి, ఎడమవైపు పది వాక్యాల కింద పదకొండోది ఏదైనా మర్చిపోయారేమో చూడండి. లేకపోతే లేదు, లేనిదాన్ని బలవంతంగా పుట్టించొద్దు, ఆ గీత ఖాళీగానే వదిలేయండి. నా పేజీలో పదీ మార్కులు, బెత్తం, ఐదింటి అలారం గురించే ఉన్నాయి. పదకొండోది రెండేళ్ల తర్వాత, వేరే రంగు పెన్నుతో రాశాను: "టార్చిలైటు పట్టుకుని బస్‌స్టాపులో నిలబడ్డారు."